ఒకరికి 4, ఇంకొకరికి 10: కిడ్నీ మార్పిడి తర్వాత టాక్రోలిమస్ డోసులో అంత తేడా ఎందుకు?

ప్రశ్న: మావారికి 41 ఏళ్లు, బరువు 62 కిలోలు. అయిదు నెలల క్రితం మా అత్తగారు ఆయనకు కిడ్నీ ఇచ్చారు. శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ పొద్దున 5, రాత్రి 5, మొత్తం రోజుకు 10 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. అందుకే ఇచ్చే మైకోఫినోలేట్, కొద్దిగా స్టెరాయిడ్ కూడా ఉన్నాయి. కిందటి నెల రక్తంలో టాక్రోలిమస్ లెవెల్ 7.8, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.2 వచ్చాయి, అంతా బాగుందన్నారు. ఇంతలో మావారి కంపెనీ విదేశీ శాఖలో పనిచేసే సహోద్యోగితో మాటలు కలిశాయి. ఆయనకూ కిడ్నీ మార్పిడి జరిగి ఏడాదిన్నర అయిందట. యూరప్ మూలాలున్న మనిషి, 85 కిలోల బరువు, అయినా రోజుకు 4 మిల్లీగ్రాములే వాడుతున్నారు. ఆయన లెవెల్ కూడా ఏడున్నర దగ్గరే ఉందట. మా డాక్టర్‌ని అడిగితే "దక్షిణాసియా వాళ్లకు కాస్త ఎక్కువే పడుతుంది" అని ఒక్క మాటతో సరిపెట్టారు. మావారికి భయం పట్టుకుని, పది రోజులుగా రాత్రి డోసు 5కి బదులు 3 వేసుకుంటున్నారు. ఆస్పత్రిలో చెప్పలేదు. నిజంగా జాతిని బట్టి మందు మారుతుందా? ఇంత మందు వేస్తే అత్తగారిచ్చిన కిడ్నీ పాడవదా? జన్యు పరీక్ష చేయించమంటారా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను గానీ, ఇది చదవడం పక్కన పెట్టి ముందు ట్రాన్స్‌ప్లాంట్ టీముకు ఫోన్ చేయండి. రేపు కాదు, ఇవాళే. పది రోజులుగా రోజుకు 10 బదులు 8 వేసుకుంటున్నారని ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు లెవెల్, క్రియాటినిన్ పరీక్షలు చేయించి, పాత డోసుకు ఎప్పుడు, ఎలా వెళ్లాలో చెబుతారు. రిజెక్షన్, అంటే శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టడం, మొదలైనా తరచుగా నొప్పి రాదు, చాలామందికి జ్వరం కూడా రాదు. మూత్రం మామూలుగానే వస్తుంటుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగితేనే బయటపడుతుంది. అందుకే "బాగానే ఉన్నారు కదా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

దాచిపెడితే ఇంకో చిక్కు కూడా ఉంది. చెప్పకుండా ఈ నెల పరీక్షకు వెళ్లారనుకోండి. లెవెల్ తగ్గి 6 వస్తుంది. డాక్టర్ దృష్టిలో మీవారు 10 వేసుకుంటున్నారు, అయినా 6 వచ్చింది. కాబట్టి 12 చేయవచ్చు. అప్పుడు మీవారు బుద్ధిగా 12 వేసుకుంటే లెవెల్ కావలసిన దానికంటే పైకి పోతుంది. ఇలా పైకీ కిందికీ ఊగే లెవెల్ కిడ్నీకి మంచిది కాదు. లెవెల్ నిలకడగా లేనివాళ్లలో మార్పిడి కిడ్నీ ఎక్కువకాలం నిలవడం లేదని ఎన్నో అధ్యయనాలు చూపించాయి. వాళ్లేమైనా అంటారేమోనని మొహమాటపడకండి. ఇలాంటివి వాళ్లు వారానికి ఒకటైనా వింటూనే ఉంటారు.

ఇక అసలు విషయానికి వద్దాం. మీ డాక్టర్ చెప్పింది తప్పు కాదు. కాకపోతే సగమే చెప్పారు.

టాక్రోలిమస్ మింగితే మొత్తం రక్తంలోకి చేరదు. సగటున నాలుగో వంతే చేరుతుంది, మనిషి మనిషికీ ఆ వాటా చాలా మారుతుంది. పేగు గోడ కణాల్లోనూ కాలేయంలోనూ ఈ మందును ముక్కలు చేసే ఎంజైములు రెండున్నాయి: సీవైపీ3ఏ4, సీవైపీ3ఏ5. దీనికి తోడు పేగు గోడలో పీ-గ్లైకోప్రోటీన్ అనే ఒక పంపు ఉంటుంది. లోపలికి వచ్చిన మందును అది తిరిగి పేగులోకే నెట్టేస్తుంది. మొదటి ఎంజైము హెచ్చుతగ్గులతో అందరిలోనూ ఉంటుంది. తేడా అంతా రెండోదాని దగ్గరే. ఆ జన్యువులో 'స్టార్ 3' అనే రకం ఉంది. అందులో ఒకే ఒక్క అక్షరం మారడంతో పనికొచ్చే ఎంజైము తయారవదు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు కాపీలూ స్టార్ 3వే వస్తే ఆ మనిషిలో సీవైపీ3ఏ5 దాదాపు లేనట్టే. ఒక్క కాపీ అయినా మామూలు 'స్టార్ 1' అయితే ఎంజైము పనిచేస్తుంది. అలాంటివాళ్లను ఎక్స్‌ప్రెసర్లు అంటారు. మింగిన మందులో పెద్ద వాటా వాళ్లలో రక్తం దాకా రాకముందే ఖర్చయిపోతుంది, వచ్చింది కూడా త్వరగా కరిగిపోతుంది. చిల్లున్న తొట్టిలో నీటిమట్టం నిలవాలంటే పోసే నీళ్లు ఎక్కువ కావాలి కదా, అలాగన్నమాట.

జాతి ప్రస్తావన ఇక్కడే వస్తుంది. యూరప్ మూలాలవారిలో ఎక్స్‌ప్రెసర్లు నూటికి 10 నుంచి 20 మందే. తూర్పు ఆసియావారిలో 40 నుంచి 50 మంది. దక్షిణాసియావారిలో అటూ ఇటూగా సగం. ఆఫ్రికా మూలాలవారిలో 70 మందికి పైనే. టాక్రోలిమస్ డోసుల లెక్కలు మొదట రూపుదిద్దుకున్నది ఎక్కువగా యూరప్, అమెరికాల్లోని తెల్లజాతి రోగులతో. కాబట్టి మిగతావాళ్లకు అదే లెక్కన మొదలుపెడితే లెవెల్ అందకపోవడంలో వింతేమీ లేదు. అమెరికాలో ఈ మందుతో వచ్చే అధికారిక సమాచార పత్రంలోనే, ఆఫ్రికన్ అమెరికన్లకు ఎక్కువ డోసు అవసరం కావచ్చని రాసి ఉంటుంది.

అయితే పై అంకెలను ఇంకోవైపు నుంచి చూడండి. దక్షిణాసియావారిలో సగం మంది ఎక్స్‌ప్రెసర్లంటే, మిగతా సగం కారనే అర్థం. మీ వీధిలోనే ఇంకొకరికి మార్పిడి జరిగితే ఆయనకు రోజుకు 4 మిల్లీగ్రాములే సరిపోవచ్చు. ఆ సహోద్యోగి దేశంలోనే మరొక తెల్లజాతి మనిషికి 10 కావలసిరావచ్చు. మనిషి మూలాలు చూసి డోసు ఊహించవచ్చు గానీ నిర్ణయించలేం. ఆ ఊహ కూడా మొదటి రోజు వరకే పనికొస్తుంది. మొదటి లెవెల్ చేతికొచ్చాక జాతి మాటతో పనే లేదు.

పైగా మీవారికీ ఆ సహోద్యోగికీ ఉన్న తేడాను ఈ ఒక్క జన్యువు మొత్తంగా వివరించలేదు. లెక్క వేయండి. మీవారికి కిలోకు 0.16 మిల్లీగ్రాములు పడుతోంది, ఆయనకు 0.05 కూడా పడటం లేదు. అంటే మూడు రెట్లకు పైగా తేడా. ఎక్స్‌ప్రెసర్లకు మామూలుగా కావలసింది ఒకటిన్నర నుంచి రెండు రెట్లే. మిగతా తేడా ఎక్కడిది? మొదటి సంగతి, ఆయనకు ఏడాదిన్నర గడిచింది, మీవారికి అయిదు నెలలే. స్టెరాయిడ్ ఎక్కువగా ఉన్న తొలి నెలల్లో అది ఈ ఎంజైములను రెచ్చగొడుతుంది. స్టెరాయిడ్ తగ్గేకొద్దీ టాక్రోలిమస్ కూడా తక్కువే సరిపోతుంది. రెండోది, ఈ మందు ఎక్కువగా ఎర్రకణాలను అంటిపెట్టుకుని ఉంటుంది. మార్పిడి తర్వాత తొలి రోజుల్లో రక్తహీనత ఉంటుంది కాబట్టి లెవెల్ తక్కువగా కనిపిస్తుంది, హిమోగ్లోబిన్ పెరిగాక అదే డోసుకు లెవెల్ పెరుగుతుంది. ఆయన బీపీకి డిల్టియాజెమ్ లాంటిది వాడుతున్నారేమో కూడా మనకు తెలియదు. అది ఎంజైములను అణచి టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచుతుంది. ఆయనది రోజుకు ఒక్కసారే వేసుకునే, మందు నిదానంగా విడుదలయ్యే ఎక్స్‌టెండెడ్ రిలీజ్ రకం కావచ్చు. ఆ రకాలకూ మామూలు మాత్రలకూ మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము లెక్క కుదరదు. ఇక బరువు అంటారా, దాన్ని చూసేది మొదటి డోసు వేసేటప్పుడే. ఆ తర్వాత డోసుకూ బరువుకూ పెద్ద పొత్తు ఉండదు. 85 కిలోల మనిషికి 4 చాలడం, 62 కిలోల మనిషికి 10 కావలసిరావడం మార్పిడి క్లినిక్‌లో రోజూ చూసేదే.

"ఇంత మందు" కిడ్నీని పాడు చేయదా అన్నారు. కిడ్నీకి తగిలేది రక్తంలో ఉన్న మందు, డబ్బాలోంచి తీసింది కాదు. మీవారి రక్తంలోనూ ఆ సహోద్యోగి రక్తంలోనూ పొద్దుటి డోసుకు ముందు ఉన్నది దాదాపు ఒకటే. మీవారు మింగిన దాంట్లో ఎక్కువ భాగం పేగు గోడ దగ్గర, కాలేయం దగ్గరే ముగిసిపోయింది. పాశ్చాత్య దేశాల మార్గదర్శకాల్లోని మొదటి డోసే కిలోకు రోజుకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. మీవారి 0.16 అందులోనే ఉంది, అదేమీ వింత డోసు కాదు.

అయినా మీ భయంలో ఒక చిన్న నిజం ఉంది. లెవెల్‌ను రోజు డోసుతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. మీవారిది 7.8ని 10తో భాగిస్తే 0.78. ఆ సహోద్యోగిది 1.9 దాకా వస్తుంది. ఇది 1.05 కంటే తక్కువుంటే మందును వేగంగా ఖర్చుచేసే శరీరమని కొందరు పరిశోధకులు గీత గీశారు. అలాంటివాళ్లలో కిడ్నీ పనితీరు కాస్త తక్కువగా ఉంటోందని కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. ఒక కారణం ఇది కావచ్చు: పొద్దుటి లెవెల్ ఒకేలా ఉన్నా, పెద్ద డోసు వేసుకున్న గంట రెండు గంటలకు రక్తంలో మందు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎక్స్‌ప్రెసర్లలో ఆ శిఖరం మరీ ఎత్తుగా ఉంటుంది. ఇందుకు మీ అంతట మీరు డోసు తగ్గించకుండా డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "మావారిని ఎక్స్‌టెండెడ్ రిలీజ్ రకానికి మారిస్తే లాభం ఉంటుందా?" అని. నిదానంగా విడుదలయ్యే ఎన్వార్సస్ లాంటి మాత్రలతో ఆ శిఖరం తగ్గుతుందని ఆఫ్రికన్ అమెరికన్ రోగుల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. మాత్ర వేసుకున్న గంటకు చేతులు వణకడం, తలనొప్పి రావడం మీవారికి ఉంటే అదీ చెప్పండి. మారిస్తే డాక్టరే మార్చాలి, మార్చాక లెవెల్ మళ్లీ చూడాలి.

లెవెల్ అన్నాను కాబట్టి ఒక మాట. ఆ అంకెకు విలువ ఉండాలంటే రక్తం సరైన సమయానికి ఇవ్వాలి. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే పొద్దున 9కి, ఆ పూట మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ఇచ్చిన వెంటనే వేసుకోవాలి, మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లడం మంచిది. ఇంట్లో అలవాటు చొప్పున ఏడింటికే వేసేసుకుని ల్యాబుకు వెళ్లిన మనిషికి 18, 20 వచ్చి, అందరూ కంగారుపడి డోసు కోసేసిన సందర్భాలు ఎన్నో. విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా లెవెల్ పెరుగుతుంది, పేగు గోడలోని ఎంజైములూ పంపూ దెబ్బతింటాయి గనుక. క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ లాంటివి పెంచుతాయి. రిఫాంపిసిన్, ఫెనిటాయిన్ లాంటివి పడగొడతాయి, రిఫాంపిసిన్ అయితే మరీ దారుణంగా. ఎవరు ఏ కొత్త మందు రాసినా ముందు ట్రాన్స్‌ప్లాంట్ టీముకు చెప్పాకే మొదలుపెట్టండి.

జన్యు పరీక్ష గురించి నా అభిప్రాయం: ఇప్పుడు అక్కర్లేదు. మందుల జన్యు మార్గదర్శకాలు రాసే సీపిక్ అనే అంతర్జాతీయ బృందం 2015లో చెప్పిందేమంటే, రోగి ఎక్స్‌ప్రెసర్ అని ముందే తెలిసి ఉంటే మొదటి డోసు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేయండి, కిలోకు రోజుకు 0.3 మిల్లీగ్రాములు దాటకండి, తర్వాత లెవెల్ చూసి సర్దండి అని. అందరికీ పరీక్ష చేయమని చెప్పలేదు. 2010లో ఫ్రాన్స్‌లో 280 మందితో చేసిన పరీక్షలో, జన్యువు చూసి డోసు వేసినవాళ్లలో ఎక్కువమంది లక్ష్యం లెవెల్‌కు త్వరగా చేరారు. కానీ రిజెక్షన్లు తగ్గలేదు. 2016లో నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షలో ఆ తొలి లాభం కూడా కనిపించలేదు. రెండిట్లోనూ ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లే, అంటే ఎక్స్‌ప్రెసర్లు తక్కువున్న జనం. సగం మంది ఎక్స్‌ప్రెసర్లయిన చోట ఆపరేషన్‌కు ముందే ఈ పరీక్ష చేసి పెట్టుకోవడంలో అర్థం ఉందని నేననుకుంటాను. మీవారి విషయంలో మాత్రం అయిదు నెలల లెవెళ్లు చేతిలో ఉన్నాయి. జన్యువు ఏం చెప్పబోతోందో అవి ఇప్పటికే చెప్పేశాయి.

అలాంటి పరీక్ష చేయించేవాళ్లు ఒకటి గమనించాలి. స్టార్ 3 ఒక్కదాన్నే వెతికే పరీక్ష ఆఫ్రికా మూలాలవాళ్లకు చాలదు. వాళ్లలో స్టార్ 6, స్టార్ 7 అనే పనిచేయని రకాలు కూడా ఉంటాయి. వాటిని చూడకపోతే పనిచేయని జన్యువును పనిచేసేదిగా లెక్కగడతారు. పరీక్ష తయారుచేసినవాళ్లు ఏ జనాన్ని మనసులో పెట్టుకున్నారో దాన్ని బట్టే అది ఎవరికి సరిగ్గా పనిచేస్తుందో ఉంటుంది.

రిజెక్షన్ రాకుండా ఇచ్చే మరో మందు అజాథయోప్రిన్ కథ ఇందుకు ఇంకా మంచి ఉదాహరణ. ఆ మందు కొందరిలో తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. టీపీఎంటీ అనే జన్యువును పరీక్షిస్తే ఎవరికి ప్రమాదమో తెలుస్తుందని యూరప్, అమెరికాల్లో అనుకున్నారు, అక్కడ అది కొంతవరకు నిజం కూడా. తూర్పు ఆసియాలో మాత్రం టీపీఎంటీ మామూలుగా ఉన్నవాళ్లకూ తెల్లకణాలు పడిపోతుండేవి. 2014లో కొరియా రోగుల్లో వెతికితే అసలు కారణం ఎన్‌యూడీటీ15 అనే వేరే జన్యువని బయటపడింది. దక్షిణాసియావాళ్లలోనూ ఆ మార్పు తక్కువేమీ కాదు. మీవారు ప్రస్తుతం వాడుతున్నది మైకోఫినోలేట్ కాబట్టి ఇది ఆయనకు ఇవాళ వర్తించదు. ఎప్పుడైనా అజాథయోప్రిన్‌కు మారిస్తే మాత్రం ఈ రెండు జన్యువుల పరీక్ష అడగండి. ఈ విషయంలో జన్యు పరీక్ష నిజంగా ప్రాణం కాపాడుతుంది.

మైకోఫినోలేట్‌లో తేడాలు ఇంకో తరహావి. 1990లలో టాక్రోలిమస్ లాంటిదే అయిన సైక్లోస్పోరిన్‌తో కలిపి వాడినప్పుడు, అమెరికాలో నల్లజాతి రోగులకు రోజుకు 2 గ్రాములతో ఆశించిన ఫలితం రాలేదు, 3 గ్రాములతోనే కనిపించింది. రక్తంలో మందు చేరే తీరు చూస్తే మాత్రం రెండు జాతుల మధ్య తేడా లేదు. అంటే అక్కడ తేడా మందును ఖర్చుచేయడంలో లేదు. తూర్పు ఆసియా కేంద్రాల్లో చాలాచోట్ల 1 నుంచి 1.5 గ్రాములతోనే నెట్టుకొస్తారు, అంతకు మించితే కడుపు తట్టుకోదని.

జాతి అనే మాటను వైద్యం లెక్కల్లో పెట్టినప్పుడు ఏం జరుగుతుందో కిడ్నీ వైద్యులకు బాగా తెలిసొచ్చింది. క్రియాటినిన్ నుంచి కిడ్నీ పనితీరు లెక్కగట్టే 2009 సూత్రంలో, మనిషి నల్లజాతి అయితే ఫలితాన్ని దాదాపు 16 శాతం పెంచేవారు. కాగితం మీద కిడ్నీ బాగున్నట్టు కనిపించడంతో అమెరికాలో చాలామంది నల్లజాతివాళ్లు మార్పిడి వెయిటింగ్ లిస్టులోకి ఆలస్యంగా చేరారు. 2021లో జాతి లేని సూత్రం వచ్చింది. అలా నష్టపోయినవాళ్ల వెయిటింగ్ కాలాన్ని వెనక్కి జరిపి సరిచేసే ఏర్పాటు 2023 జనవరిలో మొదలైంది. అక్కడి నల్లజాతివాళ్లలో మార్పిడి కిడ్నీలు త్వరగా పోతున్నాయంటే అందరూ జన్యువుల వైపే వేలు చూపించేవారు. కానీ కిడ్నీ జబ్బు ఒక్కదాని మూలంగా మెడికేర్ అనే ప్రభుత్వ బీమా అందుకున్నవాళ్లకు మార్పిడి తర్వాత 36 నెలలకు ఆ బీమా ఆగిపోయేది, ఈ మందులకు డబ్బు కట్టేవాళ్లు ఉండేవారు కాదు. దానికి పరిష్కారం 2023లో దొరికింది, అదీ చట్టం మార్చడం వల్ల.

దక్షిణాసియా మూలాలున్నందుకు మీవారి విషయంలో నేను నిజంగా పట్టించుకునేది ఇంకొకటుంది: షుగర్. మార్పిడి తర్వాత కొత్తగా మధుమేహం వచ్చే అవకాశం ఈ మూలాలవారిలో ఎక్కువ. టాక్రోలిమస్, స్టెరాయిడ్ రెండూ అటువైపే నెడతాయి. పరగడుపు షుగర్ ఒక్కటే చూసి ఊరుకోకండి. స్టెరాయిడ్ పొద్దున వేసుకునేవాళ్లలో షుగర్ మధ్యాహ్నం తర్వాతే ఎక్కువగా పెరుగుతుంది. భోజనం తర్వాతి షుగర్, మూడు నెలల సగటు కూడా చూడమని అడగండి.

అత్తగారి కిడ్నీ సంగతి. మందును ఖర్చుచేసేది ప్రధానంగా మీవారి పేగు, మీవారి కాలేయం. కాలేయ మార్పిడిలో అయితే దాత జన్యువు డోసును బాగా మారుస్తుంది, ఎందుకంటే అక్కడ మందును ముక్కలు చేసే అవయవమే దాతది. కిడ్నీ మార్పిడిలో డోసు నిర్ణయించేది మీవారి శరీరమే. ఏళ్ల తరబడి టాక్రోలిమస్ కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను బిగిస్తుందన్నదీ, మచ్చలు కట్టిస్తుందన్నదీ నిజమే. అందుకే తొలి నెలల్లో చాలాచోట్ల 8 నుంచి 12 మధ్య ఉంచే లెవెల్‌ను తర్వాత 5 నుంచి 8కి దించుతారు. 2007లో వచ్చిన సింఫనీ అనే పెద్ద పరీక్షలో 1,645 మందిని చూశారు. మైకోఫినోలేట్, స్టెరాయిడ్ తోడుంటే 3 నుంచి 7 మధ్య లక్ష్యంతో నడిపించినవాళ్లకే కిడ్నీ పనితీరు అన్నిటికంటే బాగుంది. అంటే మీవారి డోసు కూడా తగ్గే రోజు వస్తుంది, రిపోర్టులు చూసి డాక్టరు తగ్గిస్తారు.

అన్నట్టు, అత్తగారు ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకుంటున్నారా? దాతల పరీక్షలు ఇంట్లో అందరూ మరిచిపోతుంటారు. మీవారిని తదుపరి చెకప్‌కు తీసుకెళ్లేటప్పుడు ఆవిడనూ వెంట తీసుకెళ్లండి.